సాంద్ర తారలలో వింత క్వార్కు ద్రవ్యం



ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మీరంతా ఒక వక్రరేఖ గీసే ఉంటారు. అడ్డంగా ద్రవ్యరాశి సంఖ్య, నిలువుగా ఒక్కో న్యూక్లియాన్‌కు ఉండే బంధనశక్తి. ఆ రేఖ హైడ్రోజన్ దగ్గర మొదలై నిటారుగా పైకి లేచి, ఇనుము ప్రాంతంలో శిఖరం చేరుకొని, యురేనియం వైపు మెల్లగా దిగుతుంది. దాన్ని చూపించి మేము మీకు ఒక వాక్యం నేర్పుతాం: ప్రకృతిలో అత్యంత స్థిరమైన ద్రవ్యం ఇనుము. మీరు కంఠతా పట్టి రాస్తారు, మేము రెండు మార్కులు వేస్తాం. అక్కడితో ఆ విషయం ముగిసిపోతుంది.

1984లో ఎడ్వర్డ్ విట్టెన్ అనే అమెరికన్ సైద్ధాంతిక శాస్త్రవేత్త ఈ వాక్యం నిజమేనా అని ప్రశ్నించాడు. ఇనుము కంటే స్థిరమైన ద్రవ్యం మరొకటి ఉండవచ్చు, మనం, మన భూమి, మన ఇనుము అంతా ఆ నిజమైన స్థిరస్థితికి చేరకుండా మధ్యలో ఆగిపోయిన ద్రవ్యమే కావచ్చు అన్నాడు. అంతకు ముందే 1971లో ఆర్నాల్డ్ బోడ్మర్ ఇలాంటి ఊహ చేశాడు కాని, అప్పట్లో దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఈ ఊహలోని ద్రవ్యం పేరే వింత క్వార్కు ద్రవ్యం. అది ఎక్కడైనా ఉంటే, ఉండడానికి అన్నిటికంటే అనువైన చోటు సాంద్ర తారల గర్భం. ఈ పాఠంలో దాని భౌతిక ధర్మాలు తెలుసుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. రెండు మూడు చిన్న లెక్కలు మీ చేతనే చేయిస్తాను.

సాంద్ర తారల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. ఇంధనం అయిపోయిన నక్షత్రం తన బరువుకు తానే కుంగిపోతుంది. చిన్న నక్షత్రమైతే ఎలక్ట్రాన్ల పీడనం ఆ కుంగుబాటును ఆపుతుంది. అది శ్వేత కుబ్జం. దానికి సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు హద్దు అని 1930లో ఇంగ్లండుకు వెళ్ళే ఓడలో లెక్క కట్టిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. దానికి నోబెల్ బహుమతి 1983లో వచ్చింది. ఆ హద్దు దాటితే ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలో కలిసిపోయి న్యూట్రాన్లు ఏర్పడతాయి. ఛాడ్విక్ న్యూట్రాన్‌ను కనుక్కున్నది 1932లో. న్యూట్రాన్ తార అనే ఊహను బాడే, జ్వికీ 1934కల్లా ముందుపెట్టారు. 1967లో జోస్లిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని 1.337 సెకన్లకొకసారి క్రమం తప్పకుండా వచ్చే రేడియో స్పందనలను పట్టుకుంది. అదే మొదటి పల్సార్, అంటే గిరగిరా తిరుగుతున్న న్యూట్రాన్ తార. 1974లో దీనికి నోబెల్ వచ్చినప్పుడు ఆమె పేరు అందులో లేదు. ఈ మాట నేను ప్రతి తరగతిలోనూ చెబుతాను, ఇక్కడా చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు మొదటి లెక్క. సూర్యుడికి 1.4 రెట్లు ద్రవ్యరాశి అంటే 2.8 × 10³³ గ్రాములు. వ్యాసార్ధం 10 కిలోమీటర్లు అనుకోండి. ఘనపరిమాణం 4.2 × 10¹⁸ ఘన సెంటీమీటర్లు. భాగిస్తే సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 6.7 × 10¹⁴ గ్రాములు వస్తుంది. మామూలు పరమాణు కేంద్రకం సాంద్రత 2.7 × 10¹⁴. అంటే ఈ తార సగటున కేంద్రకం కంటే రెండున్నర రెట్లు చిక్కగా ఉంది. కేంద్రకంలో ఒక్కో న్యూక్లియాన్ వాటాకు వచ్చే చోటు సుమారు 6.25 ఘన ఫెర్మీలు. ఫెర్మీ అంటే 10⁻¹³ సెంటీమీటరు. రెండున్నర రెట్లు నొక్కితే ఆ వాటా 2.5 ఘన ఫెర్మీలకు తగ్గుతుంది. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెర్మీ. దాని ఘనపరిమాణం కట్టి చూడండి, అదీ 2.5 ఘన ఫెర్మీలే! అంటే న్యూక్లియాన్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఇది సగటు మాత్రమే. కేంద్రం దగ్గర ఇంకా చిక్కదనం. అక్కడ న్యూక్లియాన్ అనే హద్దుకు అర్థం ఏమి మిగులుతుంది?

న్యూక్లియాన్ లోపల ఏముందో 1964లో గెల్‌మాన్, జ్వైగ్ విడివిడిగా ఊహించారు. క్వార్కులు. 1968 నుంచి స్టాన్‌ఫర్డ్ త్వరణయంత్రంలో జరిగిన ప్రయోగాలు వాటిని రూఢి చేశాయి. అప్ క్వార్కు ఆవేశం +2/3, డౌన్ క్వార్కుది −1/3. రెండు అప్‌లు, ఒక డౌన్ కలిస్తే ప్రోటాన్. ఒక అప్, రెండు డౌన్‌లు కలిస్తే న్యూట్రాన్. మూడోది స్ట్రేంజ్ క్వార్కు, అంటే వింత క్వార్కు. దీని ఆవేశమూ −1/3. కాని ఇది బరువైనది. అప్, డౌన్‌ల ద్రవ్యరాశి శక్తి కొద్ది మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టులే అయితే, దీనిది సుమారు 95 మిలియన్లు. 1947లో రోచెస్టర్, బట్లర్ విశ్వకిరణాల్లో కొన్ని కణాలను చూశారు. అవి చిటికెలో పుట్టి, పుట్టిన తీరుతో పోలిస్తే చాలా ఆలస్యంగా క్షీణించేవి. ఆ ప్రవర్తన వింతగా ఉందని పెట్టిన పేరు ఇది. ఇప్పుడు అందులో వింతేమీ లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

క్వార్కులకు ఇంకో స్వభావం ఉంది. అవి దగ్గరగా ఉన్నంతసేపూ దాదాపు స్వేచ్ఛగా తిరుగుతాయి, దూరం లాగితే మాత్రం విడిపోనివ్వవు. 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ ఈ నియమాన్ని కనుక్కొని 2004లో నోబెల్ పొందారు. అందుచేత విపరీతంగా నొక్కినప్పుడు న్యూక్లియాన్ల గోడలు కరిగిపోయి క్వార్కులన్నీ ఒకే సముద్రంగా మారవచ్చు.

కరిగితే కరిగింది, అందులో వింత క్వార్కు ఎందుకు రావాలి? బరువైన కణాన్ని తయారు చేయడానికి శక్తి ఖర్చు కదా, ఖర్చు పెట్టి స్థిరత్వం ఎలా సంపాదిస్తాం? మీకు ఈ సందేహం రావాలి. రాకపోతే పై పేరా మళ్ళీ చదవండి.

ఒక హాస్టల్ ఊహించుకోండి. అందులో రెండు బ్లాకులు, ఒకటి అప్, ఒకటి డౌన్. ఒక్కో అంతస్తులో ఇంతమందే ఉండాలని గట్టి నిబంధన. అదే పౌలి వర్జన నియమం. కింది అంతస్తులు నిండిపోయాక వచ్చినవాళ్ళు పైపై అంతస్తులకు ఎక్కక తప్పదు. ఎక్కిన మెట్లే శక్తి. విద్యార్థులు పెరిగేకొద్దీ పై అంతస్తులు నిండుతాయి, మోకాళ్ళ నొప్పులు పెరుగుతాయి. ఇప్పుడు యాజమాన్యం మూడో బ్లాకు తెరిచింది. కాకపోతే దాని పునాది బాగా ఎత్తు. కింది అంతస్తుకు చేరాలన్నా కొన్ని మెట్లు ఎక్కాలి. ఆ పునాది ఎత్తే వింత క్వార్కు ద్రవ్యరాశి. పాత బ్లాకుల్లో పదో అంతస్తులో ఉన్నవాడికి మూడు అంతస్తుల ఎత్తు పునాది లెక్కలోది కాదు, సంతోషంగా సామాను సర్దుకొని వచ్చేస్తాడు. అందరి మెట్ల మొత్తం తగ్గుతుంది. క్వార్కు ద్రవ్యంలో పై అంతస్తు ఎత్తు సుమారు 300 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టులు, పునాది 95. కాబట్టి మూడో బ్లాకు లాభమే.

ఎంత లాభం? 1974లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో తయారైన సంచి నమూనాతో దీన్ని లెక్కిస్తారు. క్వార్కులన్నీ ఒక సంచిలో ఉన్నాయనీ, బయటి శూన్యం ఆ సంచిని లోపలికి నొక్కుతుందనీ ఊహ. ఆ నొక్కుడే సంచి స్థిరాంకం. సాధారణంగా వాడే విలువ ఘన ఫెర్మీకి 57 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టులు. మనకు తెలిసిన గాలి పీడనంతో పోలిస్తే ఇది దాదాపు 10²⁹ రెట్లు! ఈ విలువతో ఫర్హీ, జాఫ్ 1984లో లెక్క కట్టారు. రెండు రకాల క్వార్కులే ఉంటే ఒక్కో న్యూక్లియాన్ వాటాకు 934 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టులు. మూడు రకాలు ఉండి, మూడోదాని ద్రవ్యరాశిని ప్రస్తుతానికి సున్నా అనుకుంటే 829. ఇనుములో ఈ విలువ 930. వింత క్వార్కు అసలు ద్రవ్యరాశిని కలిపితే 829 కొంత పెరుగుతుంది గాని, 930 లోపలే ఉండిపోయే అవకాశం బాగానే ఉంది. అలా ఉంటే మన వక్రరేఖకు ఇనుము శిఖరం కాదు.

ఇక్కడ ఒక పకడ్బందీ ఏర్పాటు గమనించండి. సంచి స్థిరాంకం 57 కంటే బాగా తక్కువైతే, రెండు రకాల క్వార్కుల ద్రవ్యమే 930 కిందికి దిగిపోతుంది. అప్పుడు మామూలు కేంద్రకాలు ఎప్పుడో కరిగిపోయి ఉండాలి. కరగలేదు, మనం ఉన్నాం కనుక ఆ విలువ తప్పు. సుమారు 90 దాటితే మూడు రకాల ద్రవ్యం కూడా 930 పైకి పోతుంది, విట్టెన్ ఊహ కూలిపోతుంది. అంటే కిటికీ ఇరుకైనదే, కాని మూసుకుపోలేదు.

మరి మన చేతి గడియారంలోని ఉక్కు వింత ద్రవ్యంగా ఎందుకు మారిపోవడం లేదు? మళ్ళీ హాస్టల్‌కే రండి. బ్లాకు మారాలంటే వార్డెన్ అనుమతి కావాలి. ఆ వార్డెన్ పేరు బలహీన అన్యోన్య చర్య. పేరుకు తగ్గట్టే మహా నిదానం. పైగా మామూలు కేంద్రకంలో ఒకే ఒక్క క్వార్కు మారితే న్యూట్రాన్ కాస్తా లామ్డా కణం అవుతుంది. న్యూట్రాన్ ద్రవ్యరాశి 940 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టులు, లామ్డాది 1116. ఒక్కడు మారితే నష్టం, వందలమంది ఒకేసారి మారితే లాభం. ఇనుప కేంద్రకంలో యాభైకి పైగా క్వార్కులు ఒకే క్షణంలో మారడానికి పట్టే సగటు కాలం ముందు విశ్వం వయస్సు లెక్కలోకి రాదు. కాబట్టి గడియారం గురించి బెంగ వద్దు.

ఇక ధర్మాల్లోకి వద్దాం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: వింత ద్రవ్యం తనను తానే పట్టి ఉంచుకుంటుంది.

న్యూట్రాన్ ద్రవ్యం దూది బేలు లాంటిది. గట్టిగా నొక్కి తాళ్ళు బిగించినంతసేపే బేలు. తాడు కోస్తే బుస్సున పొంగిపోతుంది. న్యూట్రాన్ తారకు గురుత్వాకర్షణే ఆ తాడు. వింత ద్రవ్యం బెల్లం దిమ్మ లాంటిది. తాడు అక్కర్లేదు, దాని ముద్ద దానిదే. సంచి నమూనాలో ఈ తేడాకు చిన్న సమీకరణం ఉంది. శక్తి సాంద్రతలోంచి సంచి స్థిరాంకానికి నాలుగు రెట్లు తీసివేసి, మిగిలినదాన్ని మూడుతో భాగిస్తే పీడనం వస్తుంది. తార ఉపరితలం అంటే పీడనం సున్నా అయ్యే చోటు. పీడనం సున్నా కావాలంటే శక్తి సాంద్రత సున్నా కానక్కర్లేదు, సంచి స్థిరాంకానికి నాలుగు రెట్లుంటే చాలు! గ్రాముల్లోకి మారిస్తే అది ఘన సెంటీమీటరుకు 4.1 × 10¹⁴. భూమికి వాతావరణం పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. వింత తార ఉపరితలం అలా కాదు. కొన్ని ఫెర్మీల మందంలోనే సాంద్రత కేంద్రకం కంటే ఎక్కువ నుంచి దాదాపు ఏమీ లేని స్థితికి పడిపోతుంది. కత్తితో కోసినట్టుగా ఉంటుంది. ఆ పై పొర నుంచి ఐదు మిల్లీలీటర్ల చెంచాడు తీస్తే 200 కోట్ల టన్నులు తూగుతుంది.

బేలుకూ బెల్లానికీ ఉన్న ఈ తేడా తార సైజులో కనిపిస్తుంది. బెల్లం ఎక్కువైతే దిమ్మ పెద్దదవుతుంది, తక్కువైతే చిన్నదవుతుంది. తేలిక వింత తారల వ్యాసార్ధం ద్రవ్యరాశి ఘనమూలాన్ని బట్టి పెరుగుతుంది. దానికి కింది హద్దు కూడా లేదు, ఊరంత తార అయినా ఉండవచ్చు. న్యూట్రాన్ తార దీనికి తలకిందులు. తేలికైనకొద్దీ తాడు వదులై ఉబ్బుతుంది. సూర్యుడి ద్రవ్యరాశిలో పదో వంతు దగ్గర అసలు నిలవనే లేదు. కాబట్టి తేలికగా, చిన్నగా ఉన్న సాంద్ర తార ఎక్కడైనా దొరికితే దాన్ని నిశితంగా పరిశీలించాలి. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

రెండో ధర్మం విద్యుత్తుకు సంబంధించింది. అప్, డౌన్, స్ట్రేంజ్ క్వార్కులు సమాన సంఖ్యలో ఉంటే 2/3 − 1/3 − 1/3, మొత్తం ఆవేశం సున్నా. కాని మూడో బ్లాకు పునాది ఎత్తు కనుక అందులో జనం కొంచెం తక్కువ. అందువల్ల క్వార్కులకు కొద్దిపాటి ధనావేశం మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి ఎలక్ట్రాన్లు ఉంటాయి. క్వార్కులను ప్రబల చర్య బిగపట్టి ఉంచుతుంది, ఎలక్ట్రాన్లకు ఆ బంధం లేదు. అవి ఉపరితలం దాటి కొన్ని వందల ఫెర్మీల దూరం వరకు పొరలా వ్యాపిస్తాయి. లోపల ధనావేశం, బయట రుణావేశం. ఈ రెండింటి మధ్య విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు సుమారు 10¹⁷ ఓల్టులు అని 1986లో ఆల్కాక్, ఫర్హీ, ఒలింటో లెక్క కట్టారు. మన గాలిలో సెంటీమీటరుకు 30 వేల ఓల్టులు దాటితే నిప్పురవ్వ దూకుతుంది!

ఈ క్షేత్రం వల్ల ఒక విచిత్రం సాధ్యమవుతుంది. బయటి నుంచి పడే మామూలు ద్రవ్యంలోని కేంద్రకాలు ధనావేశం కలవి. క్షేత్రం వాటిని పైకి నెడుతుంది. కాబట్టి వింత ద్రవ్యాన్ని తాకకుండానే దాని పైన మామూలు ద్రవ్యంతో ఒక పలుచని పటలం తేలుతూ ఉండగలదు. కాని దానికి హద్దుంది. పటలం అడుగున సాంద్రత 4.3 × 10¹¹ చేరితే కేంద్రకాల నుంచి న్యూట్రాన్లు కారడం మొదలవుతుంది. న్యూట్రాన్లకు ఆవేశం లేదు, విద్యుత్ క్షేత్రం వాటిని ఆపలేదు. కిందికి జారి వింత ద్రవ్యంలో కలిసిపోతాయి. అందుకే పటలం బరువు సూర్యుడి ద్రవ్యరాశిలో లక్షో వంతుకు మించదు.

పటలం లేని నగ్న వింత తార ఎలా కనిపిస్తుంది? దాని ప్లాస్మా పౌనఃపున్యం చాలా ఎక్కువ. సుమారు 20 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టుల కంటే తక్కువ శక్తి గల ఫోటాన్లు అందులో ప్రయాణించలేవు. కాంతి పడితే అద్దంలా తిప్పికొడుతుంది, తనంతట తాను సరిగ్గా వెలగదు. అయితే ఆ విపరీతమైన విద్యుత్ క్షేత్రం శూన్యంలోంచే ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటలను పుట్టించగలదనీ, వేడి తార ఆ దారిన వెలగగలదనీ 1998లో ఉసోవ్ చూపాడు.

ఈ చిత్రాన్ని 1998, 1999లలో ఆల్ఫర్డ్, రాజగోపాల్, విల్చెక్ మార్చారు. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కట్టినట్టే చల్లని, చిక్కని క్వార్కులు కూడా జంటలు కడతాయి. దీన్ని వర్ణ అతివాహకత అంటారు. ఇక్కడ వర్ణం అంటే మీ కంటికి కనిపించే రంగు కాదు, క్వార్కులకు ఉండే మరో రకం ఆవేశం. జత కట్టాలంటే మూడు రకాల సంఖ్యలూ సమానం కావాలి. అప్పుడు ఎలక్ట్రాన్ల అవసరమే ఉండదు, పైన చెప్పిన క్షేత్రమూ బాగా క్షీణిస్తుంది. ఉష్ణ ధర్మాలూ మారిపోతాయి. జతలు లేని క్వార్కు ద్రవ్యం న్యూట్రినోలను ధారగా వదిలి త్వరగా చల్లారుతుందని 1980లోనే ఇవామోటో చెప్పాడు. జతలు కడితే ఆ ధార దాదాపు ఆగిపోతుంది. కాబట్టి తార చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నదాన్ని బట్టి మాత్రమే తీర్పు చెప్పడం నా అభిప్రాయంలో తొందరపాటు.

స్నిగ్ధత గురించి నాలుగు మాటలు. తార ఊపిరి తీసినట్టు కుంచించుకొని వ్యాకోచిస్తే, ప్రతిసారీ డౌన్, స్ట్రేంజ్ క్వార్కుల సంఖ్యలు సర్దుకోవాలి. నిదానపు వార్డెన్ ఆ సర్దుబాటును ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యమే కదలికలోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. నూరు కోట్ల డిగ్రీల దరిదాపుల్లో వింత ద్రవ్యానికి ఈ రకపు స్నిగ్ధత బాగా ఎక్కువ. వేగంగా తిరిగే తారలో పుట్టే అస్థిర అలలను ఇది అణచగలదు. అంటే వింత తార అతి వేగంగా తిరిగినా చెదరకపోవచ్చు.

దీనికి సంబంధించి మీకు ఒక కథ చెప్పాలి. 1987లో మనకు సమీపంలోని మెగలానిక్ మేఘంలో ఒక సూపర్‌నోవా పేలింది. 1989 జనవరిలో చిలీలోని సెర్రో టొలోలో వేధశాల నుంచి పరిశీలించిన బృందానికి దాని నుంచి సెకనుకు 1968.6 సార్లు కాంతి మినుకుమన్నట్టు కనిపించింది. అంటే అర మిల్లీసెకనుకు ఒక చుట్టు. మామూలు న్యూట్రాన్ తార అంత వేగానికి తట్టుకోవడం కష్టం. వింత తార కావచ్చని సిద్ధాంతకారులు వ్యాసాల మీద వ్యాసాలు రాశారు. 1990లో అసలు సంగతి తేలింది. ఆ సంకేతం ఆకాశం నుంచి వచ్చింది కాదు, దూరదర్శిని దగ్గర వాడిన ఒక టెలివిజన్ కెమెరా నుంచి వచ్చిన విద్యుత్ రొద! టెలివిజన్ పాఠం చెప్పే నాకు ఈ కథంటే ప్రత్యేకమైన ఇష్టం. ఆ పరిశీలకులు తమ పొరపాటును తామే వెతికి పట్టి ప్రకటించారు. అయితే ఆ ఏడాదిలో రాసిన వ్యాసాలు వృథా పోలేదు. తిరిగే వింత తారల గణితం చాలా మట్టుకు అప్పుడే పుట్టింది. 2006లో ప్రకటించిన అత్యంత వేగమైన పల్సార్ సెకనుకు 716 సార్లు తిరుగుతుంది. న్యూట్రాన్ తారకు అది సాధ్యమే.

ఇతర సాక్ష్యాలు ఏమంటున్నాయి? 1999లో సాక్స్ జె1808 అనే ఎక్స్ కిరణ పల్సార్ వింత తార కావచ్చని ఒక బృందం వాదించింది. అందులో కలకత్తాకు చెందిన జిష్ణు దేవ్, మీరా దేవ్ ఉన్నారు. క్వార్కుల మధ్య బలాలను సంచి నమూనా కంటే వివరంగా తీసుకొని వారు అంతకు ముందు ఏడాది చేసిన లెక్కలే ఆ వాదనకు ఆధారం. 2002లో ఆర్.ఎక్స్. జె1856 అనే తార వ్యాసార్ధం 4 నుంచి 8 కిలోమీటర్లే అని చంద్ర ఎక్స్ కిరణ దూరదర్శిని పరిశీలకులు ప్రకటించారు. పత్రికలన్నీ క్వార్కు తార దొరికిందన్నాయి. తరువాత దాని దూరాన్నీ, మామూలు కాంతిలో దాని వెలుగునూ కలిపి చూస్తే వ్యాసార్ధం 10 కిలోమీటర్లు దాటింది. ఎక్స్ కిరణాల్లో కనిపించింది దాని ఒంటి మీది వేడి మచ్చ మాత్రమే అయి ఉండాలి.

బరువు వైపు నుంచి గట్టి పరీక్ష వచ్చింది. 57 విలువతో సంచి నమూనా ఇచ్చే గరిష్ఠ ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 2 రెట్లు, అప్పుడు వ్యాసార్ధం 11 కిలోమీటర్లు. స్థిరాంకాన్ని 90కి పెంచితే అది 1.6కు పడిపోతుంది. 2010లో ఒకటి, 2013లో మరొకటి దాదాపు 2 రెట్ల బరువున్న పల్సార్లు దొరికాయి. జె0740 అనే పల్సార్ బరువు 2.08 రెట్లనీ, వ్యాసార్ధం 12 నుంచి 14 కిలోమీటర్ల మధ్య అనీ 2021లో నైసర్ పరికరం ఆధారంగా లెక్కించారు. అంటే సాదా సంచి నమూనా చిరిగింది. క్వార్కుల మధ్య బలాలను, జతలను కలిపితే గరిష్ఠ ద్రవ్యరాశి పెరుగుతుంది కనుక ఊహ మొత్తం కొట్టుకుపోలేదు, కాని సర్దుబాటుకు చోటు తగ్గింది. 2017 ఆగస్టు 17న రెండు సాంద్ర తారలు ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగాల వెంట కాంతి కూడా వచ్చింది. ఆ కాంతి న్యూట్రాన్లు మెండుగా ఉన్న ద్రవ్యంలో బరువైన మూలకాలు పుట్టినప్పటి కాంతిలా ఉంది. అక్కడ న్యూట్రాన్ ద్రవ్యం ఉండి తీరాలి.

మధ్యేమార్గం ఒకటుంది. తార మొత్తం వింతది కానక్కర్లేదు. పైన న్యూట్రాన్లు, గర్భంలో మాత్రం క్వార్కులు ఉండవచ్చు. అత్యంత బరువైన తారల గర్భంలో క్వార్కు ద్రవ్యం ఉండే అవకాశం ఎక్కువని 2020లో హెల్సింకీ శాస్త్రవేత్తలు ఉన్న కొలతలన్నీ కలిపి వాదించారు. ఇది విట్టెన్ ఊహ కంటే మెతక వాదన. ఇక్కడ క్వార్కు ద్రవ్యం ఇనుము కంటే స్థిరం కానవసరం లేదు, తాడు బిగించి ఉన్నంతసేపు నిలిస్తే చాలు.

తార మొత్తం వింతది కావచ్చన్న మాటకు పాత అభ్యంతరం ఒకటి ఇప్పటికీ బలంగా ఉంది. దాని మూలం మన దేశస్థుడి పరిశీలనలో ఉంది. 1969లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో వి. రాధాకృష్ణన్, మాంచెస్టర్ వేలా పల్సార్‌ను చూస్తున్నారు. ఈయన సర్ సి.వి. రామన్ కుమారుడు. మెల్లగా నెమ్మదించాల్సిన ఆ పల్సార్ ఉన్నట్టుండి పది లక్షల్లో రెండు వంతుల మేరకు వేగం పుంజుకుంది. ఇలాంటి ఉలికిపాట్లకు మందపాటి పటలం, అందులో ఘర్షణ లేకుండా పారే న్యూట్రాన్లు కారణమని వివరణ. వింత తార పటలంలో న్యూట్రాన్ కారే చోటే లేదని ఇందాక చూశాం. కాబట్టి వేలా వింత తార అనడం కష్టం. దీన్ని 1988లో డెన్మార్క్ శాస్త్రవేత్త మాడ్సెన్ వాదంతో కలపండి. వింత ద్రవ్యం నిజంగా అత్యంత స్థిరమైతే అది అంటువ్యాధి లాంటిది. ఒక చిన్న ముక్క న్యూట్రాన్ తారలో పడినా మొత్తాన్ని మార్చేస్తుంది. అలాంటి ముక్కలు అంతరిక్షంలో తిరుగుతుంటే అన్ని న్యూట్రాన్ తారలూ మారిపోవాలి. వేలా మారలేదంటే, ముక్కలు అతి అరుదై ఉండాలి, లేదా ఊహే తప్పు కావాలి.

అంటువ్యాధి అనగానే భూమికి ప్రమాదమా అని అడుగుతారని తెలుసు. 2008 సెప్టెంబరులో జెనీవా దగ్గరి త్వరణయంత్రం మొదలైనప్పుడు కొన్ని ఛానళ్ళు ప్రళయం ముంచుకొస్తోందని హడావుడి చేశాయి. జవాబు చందమామ దగ్గరుంది. వాతావరణం లేని ఆ నేల మీద త్వరణయంత్రాలకు మించిన శక్తితో విశ్వకిరణాలు 450 కోట్ల సంవత్సరాలుగా పడుతున్నాయి. చందమామ చందమామగానే ఉంది. అక్కడి నుంచి తెచ్చిన మట్టిలో 15 గ్రాములు తీసుకొని 2009లో వింత ద్రవ్యపు ముక్కల కోసం వెతికారు. ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు చివరి లెక్క. 2022లో జర్మన్ శాస్త్రవేత్తలు హెస్ జె1731 అనే సూపర్‌నోవా అవశేషంలోని తారకు ద్రవ్యరాశి సూర్యుడిలో 0.77 వంతు, వ్యాసార్ధం 10.4 కిలోమీటర్లు అని ప్రకటించారు. దోషపరిమితి కలిపితే వ్యాసార్ధం 9.6 నుంచి 11.3 వరకు ఉండవచ్చు. ఖచ్చితంగా తూచిన న్యూట్రాన్ తారల్లో అతి తేలికది 1.17. తేలికగా, చిన్నగా ఉన్న తార గురించి గుర్తుంచుకోమన్నాను కదా. ఇది నిజంగా బెల్లం దిమ్మ అయితే ఎంత ఉండాలి? 0.77 × 2 × 10³³ గ్రాములను ఉపరితల సాంద్రత 4.1 × 10¹⁴తో భాగించండి. ఘనపరిమాణం సుమారు 3.75 × 10¹⁸ ఘన సెంటీమీటర్లు. గోళం సూత్రంతో వ్యాసార్ధం 9.6 కిలోమీటర్లు వస్తుంది. లోపల సాంద్రత ఇంకాస్త ఎక్కువ కనుక అసలు విలువ దీనికి కొంచెం తక్కువే. అంటే 57 విలువ గల సాదా నమూనా పరిశీలన అంచు మీద తచ్చాడుతోంది. క్వార్కుల మధ్య బలాలు కలిపిన నమూనాలు మరికొంత సులువుగా ఇముడుతాయి. అయితే ఆ 0.77 అన్న అంకె రావడానికి తార వాతావరణం కర్బనంతో నిండి ఉందనీ, ఒళ్ళంతా ఒకే ఉష్ణోగ్రత అనీ అనుకున్నారు. ఆర్.ఎక్స్. జె1856 దగ్గర వేడి మచ్చ చేసిన పని ఇక్కడా చేసి ఉండవచ్చని వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. సంచి స్థిరాంకాన్ని 60 అని, 70 అని మార్చి ఇదే లెక్క మళ్ళీ చేసి చూడండి. ఉపరితల సాంద్రత స్థిరాంకంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుందన్నది మరచిపోవద్దు.